ఎడమ చివరి చుక్క

సంతాన సాఫల్య కేంద్రం ల్యాబులో ఆమెకు సందేహాలమ్మ అని పేరు. ఇంట్లో గ్యాస్ కట్టేసి, మళ్ళీ చూసి, పనిలోకి వచ్చాక ఆడపడుచుకు ఫోన్ చేసి ఇంకోసారి చూడమనే మనిషి. పిండాలను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగానికి ఆ గుణం కలిసొచ్చిందనే చెప్పాలి. పద్నాలుగేళ్ళలో ఒక్క పొరపాటు లేదు. ఆ సంగతి ఆమే అందరికీ చెబుతుంటుంది.

ఆ ఉదయం రిపోర్టు చూడగానే ఆమెకు ఒళ్ళు మండింది. బట్టలు కుట్టుకునే ఒకావిడవి మూడు పిండాలున్నాయి. ఇక సూదులు పొడిపించుకునే ఓపిక లేదు, ఇదే ఆఖరుసారి అని ఆవిడ ముందే చెప్పేసింది. పదకొండింటికి ఒక పిండాన్ని కడుపులో పెట్టాలి. పిండం తాను పెరిగే ద్రవపు చుక్కలోకి కొన్ని ప్రోటీన్లు వదులుతుంది. పిండాన్ని ముట్టుకోకుండా ఆ చుక్కను మిషన్లో పరీక్షించి, ఏది బలంగా ఉందో అంచనా కడతారు. పోల్చుకోవడానికి పిండం లేని ఖాళీ చుక్క ఒకటి అదే వరసలో ఉంచుతారు. రిపోర్టు ప్రకారం రెండోది మేలు. ఒకటోది వదిలింది సున్నా. పారేయమని రాసి ఉంది.

మైక్రోస్కోపులో చూస్తే ఆ ఒకటోది నిక్షేపంలా ఉంది.

ఆమె నేరుగా మిషన్ గదికి వెళ్ళింది. అక్కడ తెర మీద గీతలు చదివే పెద్దాయనను అందరూ గీతల మాస్టారంటారు.

"నిజం చెప్పండి మాస్టారూ, ట్యూబులు కలిపేశారు కదూ?"

"పొద్దున్నే నేనే దొరికానా తల్లీ?"

"చావబోయే పిండమైనా ఎంతో కొంత వదులుతుంది. సున్నా ఎలా వస్తుందండీ? ఉత్త ద్రవం పోసుంటారు."

ఆయన నొచ్చుకోకుండా తెర ఆమె వైపు తిప్పాడు. "సున్నా సంగతి తర్వాత. మీరు పంపిన ఖాళీ చుక్క చూడండి. ఎవరూ లేరన్న ఇంట్లో పెళ్ళి సందడిలా ఉంది, రెండోదానికన్నా ఎక్కువ."

"మరి రాత్రి రిపోర్టు రాసేటప్పుడు ఇది కనబడలేదా?"

"మీరు పంపిన ఖాళీ చుక్కని వేరేగా చూడటమెందుకులే అనుకున్నాను. మీరు తప్పు చేయరు కదా."

వెక్కిరింపేమోనని ఆమె ఆయన ముఖంలోకి చూసింది. కాదు. ట్యూబులు తీసి చూస్తే అంకెలన్నీ తన చేతిరాతే.

అప్పుడు గుర్తొచ్చింది. డిష్‌లో మూడు పిండాల చుక్కలు, ఆఖరున ఖాళీ చుక్క, మొత్తం నాలుగు ఒకే వరసలో ఉంటాయి. మొదటి చుక్క కింద మాత్రమే చిన్న గీత గీస్తారు. పైనుంచి ఆ గీత చూసుకుని అక్కడినుంచి లెక్కపెట్టడం అందరి అలవాటు. నిన్న పిండాలను కొత్త డిష్‌లోకి మార్చాక పాత చుక్కలు తీయబోతూ, అది గీతో గీరుకుపోయిన మరకో అని ఆమెకు అనుమానమొచ్చింది. డిష్ పైకెత్తి కిందనుంచి చూసింది. గీత ఎడమవైపుంది. దించి, ఎడమనుంచే మొదలుపెట్టింది. కిందనుంచి చూసిన ఎడమ పైనుంచి కుడి అవుతుంది. పైనుంచి ఎడమ చివరన ఉన్నది ఖాళీ చుక్క; దాని ట్యూబు మీద ఒకటి అని, ఒకటోదాని ట్యూబు మీద ఖాళీ అని రాసేసింది. అనుమానించకుండా ఉంటే ఈ తప్పే జరిగేది కాదు.

అంటే సందడి చేస్తున్న ఆ చుక్క ఒకటో పిండానిది. మూడింటిలోనూ బలమైనదాన్నే పారేయబోయారు. ఆమెకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

పెద్ద డాక్టరమ్మకు చెప్పి, ఆవిడ పంపగా, కుట్టుపని ఆవిడ పడుకున్న గదిలోకి వెళ్ళింది. జరిగింది దాచకుండా చెప్పింది.

ఆవిడ లేచి కూర్చుంది. "రాత్రి రిపోర్టులో రెండోదన్నారు, ఇప్పుడు ఒకటోదంటున్నారు. రేపేమంటారు?"

"ఒకటోది నిలుస్తుందని కూడా నేను మాటివ్వలేనమ్మా. ఇప్పుడు వరస సరిచూశాం. తప్పు మాత్రం నాదే."

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

ఆవిడ ఆమె చేతుల వంక చూసింది.

"అయితే ఒకటోదే పెట్టించండి. కానీ మీరు ముట్టుకోవద్దు. ఇంకెవరినైనా పిలవండి."

"అలాగేనమ్మా" అంది సందేహాలమ్మ. న్యాయమే అనిపించింది, అయినా ఏడుపు ఆగలేదు. పదకొండింటికి ల్యాబు తలుపు మూసుకుంది. లోపల వేరొకరు డిష్ చేతిలోకి తీసుకుంటుంటే, సరిగ్గా చూశారో లేదో అడగడానికి వీల్లేక ఆమె బయటే నిలబడింది.