పడ్డానమ్మా

తడిబట్టతో సీతాదేవి ఒళ్ళు తుడుస్తున్న దెబోరా చెయ్యి ఆగిపోయింది. ముసలామె ఎడమ మణికట్టు చుట్టూ కమిలిన గీత ఉంది. కుడిచెయ్యి తిప్పి చూసింది. అక్కడా అదే గీత, అంతే వెడల్పు. నిన్న తలకి దెబ్బతో తీసుకొచ్చినప్పుడు పొడుగుచేతుల స్వెట్టరు కింద అవి ఎవరి కంటా పడలేదు.

ఒళ్ళు తుడవడం దెబోరా డ్యూటీ కాదు. పరాయిదేశంలో, బౌషర్‌ ఊళ్ళోని ఆ ఆసుపత్రిలో, ఇంట్లోవాళ్ళ చేతుల్లో దెబ్బలు తినో, పట్టించుకునే దిక్కులేకో వచ్చిన పెద్దవాళ్ళ సంగతి విచారించే విభాగం ఆమెది. విభాగమంటే మరీ గొప్పగా ఊహించుకోనక్కర్లేదు. మందుల స్టోరు పక్కన కిటికీ లేని గది, అందులో దెబోరా. పక్కన కొడుకు కూర్చునుంటే ఏ తల్లీ నోరు విప్పదనీ, స్నానం వేళకి ఆ కొడుకు బయటికి పోక తప్పదనీ ఆమెకి తెలుసు. అందుకే ఈ పని అడిగి తీసుకుంటుంది. సన్నబడ్డ జడ, మోకాళ్ళకి రాసుకున్న బామ్ వాసన. డాక్టర్లు పేరు గుర్తురాక "సిస్టర్" అని నవ్వేసి వెళ్ళిపోయే మనిషి.

"మామ్మగారూ, నిన్న పడ్డానన్నారు కదండీ. ఎక్కడ పడ్డారు?"

"ఎక్కడేవిటే అమ్మాయ్, నా కొడుకు దగ్గరే," అంది సీతాదేవి. "మాటలు పడ్డాను. కోడలి చున్నీతో చేతులు మంచానికి కట్టేస్తే పడ్డాను. పక్క తడిపానని నిన్న నా తల గోడకేసి కొట్టాడు. కొట్టి, మళ్ళీ వాడే ఏడ్చాడు."

దెబోరా తడిబట్ట పక్కన పెట్టేసింది. నిన్న ఈవిడ "పడ్డానమ్మా, పడ్డాను" అని ఏడుస్తుంటే, "కింద పడిందట" అని డాక్టర్ మరియంకి ఇంగ్లీషులో చెప్పింది తనే. నరసాపురంలో పుట్టి పెరిగి, పడటమంటే నేలమీద పడటమే అనుకుంది. తనని తాను నోటికొచ్చినట్టు తిట్టుకుంది.

"ఇదే మాట డాక్టరమ్మతో చెబుతారా? చెబితే మిమ్మల్ని ఇవాళ ఆ ఇంటికి పంపరండి."

"చెబుతానే. ఇంక నావల్ల కాదు."

దెబోరా వెంటనే వెళ్ళి డాక్టర్‌కి తన పొరపాటూ, మణికట్ల సంగతీ అన్నీ చెప్పింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక డాక్టర్ వచ్చి కొడుకు కామేశ్వరరావుని బయటికి వెళ్ళమంది. అతను లేచి, తల్లి కాళ్ళమీద దుప్పటి సర్దాడు. గడ్డం మాసి ఉంది. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. సీతాదేవి ఆ బొత్తాలవంకే చూస్తూ ఉండిపోయింది.

డాక్టర్ అడిగింది. దెబోరా తెలుగులో అడిగింది.

"కింద పడ్డానని చెప్పు," అంది సీతాదేవి. "మంచం మీంచి. ఆ గీతలు గాజులు ఒత్తుకుని."

"మామ్మగారూ, పొద్దున్న మీరేగా..."

"చెప్పవే అమ్మాయ్. నా కొడుకుని జైల్లో పెట్టించి, నేనెవరింట్లో చావను?"

దెబోరా ఆ మాట కూడా వదలకుండా చెప్పింది. డాక్టర్ మరియం మళ్ళీ అడిగింది, చెయ్యి పట్టుకుని మరీ అడిగింది. అదే జవాబు. బుద్ధి స్థిమితంగా ఉన్న మనిషి ఇంటికే పోతానంటే బలవంతంగా ఆపలేమని, అప్పుడప్పుడు ఇంటికెళ్ళి చూసే ఏర్పాటు మాత్రం చేస్తానని చెప్పి డాక్టర్ తల దించుకుంది.

ఆ జవాబు దెబోరాకి కొత్తేమీ కాదు. పాలకొల్లులో పెదవికి కుట్లు వేస్తూ డాక్టరుగారు అడిగితే, బావి దగ్గర జారిపడ్డానని చెప్పింది తను. మొగుడు స్యాం అప్పుడు పక్కనే, ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని బుద్ధిమంతుడిలా నిలబడి ఉన్నాడు. ఆ డాక్టరు రెండోసారి అడగలేదు. అడిగితే చెప్పేదాన్నని ఇన్నేళ్ళూ నమ్ముకుని, ఆ నమ్మకంతోనే ఈ దేశంలో కనబడ్డ ప్రతి మనిషినీ రెండోసారి అడుగుతూ వచ్చింది. ఇవాళ ఆ నమ్మకం కూడా పోయింది.

కారిడార్‌లో కామేశ్వరరావు ఎదురొచ్చాడు. "నన్ను రాక్షసుణ్ణనుకుంటున్నారు కదా సిస్టర్‌గారూ. గ్యాస్ తిప్పేస్తుంది, తలుపు తీసుకుని రోడ్డెక్కేస్తుంది. పనిమనిషి నిలవదు. మేమిద్దరం ఆఫీసుకి పోకపోతే గడవదు. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి."

"కట్టకండి బాబూ. కొట్టకండి."

"సరే," అన్నాడు. ఆ సరేలో ఎంత సత్తా ఉందో ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు. లిఫ్టు దగ్గర సీతాదేవి దెబోరా చెయ్యి లాగి ఏదో అంది. దెబోరా వంగి చెవి దగ్గర పెట్టింది. మళ్ళీ అంది. అంతా గాలే, ఒక్క ముక్క తెలియలేదు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

దెబోరా వార్డుకి తిరిగొచ్చేసరికి మంచం మీద కొత్త దుప్పటి వేసేశారు. పక్క బల్లమీద ప్లాస్టిక్ గ్లాసులో, మధ్యాహ్నం తిన్న పెరుగన్నం మెతుకు ఒకటి ఇరుక్కుని, సీతాదేవి పళ్ళ సెట్టు నీళ్ళలో కాస్త తెరుచుకుని ఉంది.