ఆవిరి పట్టిన చరిత్ర

గ్రంథాలయం వెనకగదిలో కెటిల్ కూతపెడుతుంటే ఆమెకూ కూనిరాగం తీయాలనిపించింది. పెళ్ళై నెల తిరగలేదు. పక్కనే కొత్త మొగుడు, అదే గ్రంథాలయంలో ఉద్యోగి. కార్మికులపై కాల్పులు జరిగిన సంగతి కనపడకుండా పాత ప్రభుత్వం చరిత్ర పుస్తకాల్లో తెల్లకాగితాలు అంటించింది. వాటిని ఆవిరి పట్టి ఊడదీయమని కొత్త ప్రభుత్వం ఆజ్ఞ. ఇలాంటి రోజు కోసమే అతను కాలేజీలో లాఠీదెబ్బలు తిన్నాడు. ఒక్కో కాగితం ఊడుతుంటే ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకుంటున్నారు.

"లోకం బాగుపడదన్నావుగా?"

"ఒప్పుకున్నానండీ బాబూ! పందెం ఓడాను, టీ ఖర్చు నాదే."

అంతలో పర్యవేక్షకుడు తొంగిచూశాడు.

"ఊడినవి పారేయకమ్మా, మంచి దళసరి కాగితం. వెనక అధ్యాయంలో ఊళ్ళు తగలబెట్టిన పేజీ ఉంది చూడు, దాని మీద వేసెయ్యండి."

"అదేంటండీ?"

"తగలబెట్టించింది ఇప్పటి మంత్రిగారేగా! పెద్దవాళ్ళ పాత గొడవలు మనకెందుకు తల్లీ?"

ఆయన వెళ్ళగానే ఆమె మొగుడి వైపు చూసింది, ఇక అగ్గిమీద గుగ్గిలమవుతాడని. అతను జిగురు కలుపుతున్నాడు.

"ఏవండీ!"

"మనవాళ్ళు ఇప్పుడేగా కుర్చీ ఎక్కింది. కాస్త నిలదొక్కుకోనీ బంగారం. ఒక్క పేజీయేగా."

"వాళ్ళూ ఒక్క పేజీయే మూశారు."

"వాళ్ళకీ మనకీ తేడా లేదూ?"

"ఎందుకు లేదు? వాళ్ళు కొత్త కాగితం వాడారు."

అతను పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఒక్కో పుస్తకంలో కాలిన ఊళ్ళ మీద కాగితం పరిచి, ముడత లేకుండా బొటనవేలితో అంచులు నొక్కాడు. ఎంత శ్రద్ధ! విరిగిన పాలల్లో పంచదార కలిపి తాగమన్నట్టుంది ఆ 'బంగారం' అన్న పిలుపు. అందరూ ఆ తానులో ముక్కలేనన్నమాట.

అతని చేతికింద ఇంకా కాగితం అంటించని ఆఖరి పుస్తకం లాక్కుని చదువుకునే హాల్లోకి నడిచింది. నిలబడే ఊళ్ళు తగలబెట్టిన ఆ పేజీ గట్టిగా చదవడం మొదలుపెట్టింది. తలలు లేచాయి. పర్యవేక్షకుడు పరుగున వచ్చాడు. గుమ్మంలో మొగుడు, ఉద్యోగాలు పోతాయంటూ చేత్తో సైగలు.

"మేడం, కాస్త మెల్లగా! రేపు పరీక్ష," అని విసుక్కున్నాడు ముందు బల్ల కుర్రాడు.

"ఏం పరీక్ష?"

"చరిత్ర."

ఆమె కుర్చీ లాక్కుని వాడి ఎదురుగా కూర్చుని, ఇంకా గొంతు పెంచింది.