చెట్టు దిగే పురుగులు

తోక దగ్గర గిల్లి, వేళ్ళ మధ్య వత్తి, లోపలి పచ్చటి పసరును నేలమీదికి విదిలించి, పురుగును బకెట్లో వేసింది న్యాంబేని. మళ్ళీ ఇంకోటి. బొటనవేలికీ చూపుడువేలికీ పాత సైకిల్ ట్యూబు కత్తిరించి చేసుకున్న రబ్బరు తొడుగులున్నాయి. అవి లేకపోతే పురుగుల ముళ్ళు గుచ్చుకొని వేళ్ళు పుండ్లు పడతాయి. లింపోపో నది ఒడ్డుకు కాపురానికి వచ్చినప్పటి నుంచీ పురుగుల కాలంలో ఆ వేళ్ళకు ఇదే పని. ఉడికించడం, ఉప్పేసి ఎండబెట్టడం, పిల్లల్ని పెంచడం, వాళ్ళలో కొందరిని మట్టిలో పెట్టడం, అన్నీ ఆ వేళ్ళతోనే.

ఈ ఏడు మొక్కజొన్న చేలోనే మాడిపోయింది. చలికాలం గడవాలంటే ఈ పురుగులే దిక్కు. ఆ దిక్కు మాత్రం ఎక్కడ మిగిలింది? మొన్న ఎవరో ఊరూపేరూ తెలియనివాళ్ళు లారీల్లో వచ్చి, కొమ్మలు నరికి మరీ అడవిలో పురుగులన్నీ ఊడ్చుకుపోయారు. వాళ్ళ చేతులు పడిపోను. పొద్దుటి నుంచి కాళ్ళరిగేలా తిరిగినా బకెట్ అడుగు నిండలేదు.

కోడలు రెండానీ బిడ్డను వీపుకు కట్టుకొని వెనకే వస్తోంది. ఆమెకు పాలు ఎండిపోయాయి. బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా లేదు, మూలుగుతోంది. పొద్దున న్యాంబేని తన వంతు జావను కోడలి గిన్నెలోకి వంచేసింది.

“నువ్వు తాగవా అత్తా?”

“నాకు పళ్ళు లేవు.”

“జావకు పళ్ళెందుకు?”

“నీకంత నోరెందుకు? తాగు.”

మధ్యాహ్నం దాటాక, ఎండిన వాగు పక్కన ఈ పురుగులు ఆకు మేసే మొపానే చెట్టు, పెద్దది, ఒకటి కనబడింది. లారీలవాళ్ళ కన్ను దానిమీద పడలేదు. బోదె నిండా బలిసిన పురుగులు. రెండానీ బకెట్ లాక్కొని పరుగెత్తింది. న్యాంబేని వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుంది.

“సరిగ్గా చూడవే. కిందికి దిగుతున్నాయి.”

చెట్టు దిగే పురుగును ఆ ఊళ్ళో ఎవరూ ముట్టరు. అది మట్టిలో దూరి పడుకుంటుంది. వానలు పడ్డాక రెక్కలతో లేచి ఆకుల మీద గుడ్లు పెడుతుంది. వచ్చే ఏటి తిండి అదే.

“అడవి మొత్తానికి విత్తనం ఇవే మిగిలాయి,” అంది న్యాంబేని.

“వచ్చే ఏడు తినేదెవరు? ఇది ఉంటుందా అప్పటికి?” రెండానీ వెనక్కి తిరిగి బిడ్డను చూపించింది.

న్యాంబేనికి కళ్ళు తిరిగి, బోదెకు వీపు ఆనించి కూలబడింది. ఇన్నేళ్ళూ దేన్నయితే ముట్టలేదో, దాన్ని ఇప్పుడు ఎలా ముట్టమనడం? ఆ పసిదాన్ని చూస్తూ ఎలా వద్దనడం?

“వాగు అవతల చూసిరా,” అంది చివరికి. “అక్కడా దొరక్కపోతే నీ ఇష్టం. నేను అడ్డురాను.”

“మాట తప్పవు కదా?”

“పోవే.”

వాగు అవతల అన్నీ నరికిన కొమ్మలే. పొద్దు వాలుతుండగా రెండానీ ఉత్త చేతులతో తిరిగొచ్చింది. అత్త కూర్చున్నచోటే తల వాల్చి ఉంది. పురుగులు ఆమె తలగుడ్డ మీదికి దిగి, భుజం మీదుగా, చేతి మీదుగా, వేళ్ళ సందుల్లోంచి మట్టిలోకి పోతున్నాయి.

“అత్తా.”

ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు.

రెండానీ ఏడ్చింది. ఏడుస్తూనే బోదె మీది పురుగులను ఏరి బకెట్లో వేసింది. బిడ్డ బతకాలి. దిగేముందే అవి కడుపులు ఖాళీ చేసుకున్నాయి, వత్తే పని కూడా లేదు. బోదె అయిపోయాక అత్త మీద పాకుతున్నవాటి కోసం చెయ్యి చాచింది. ముట్టలేకపోయింది. చెయ్యి వెనక్కి తీసుకొని ఎదురుగా కూర్చుంది. అత్త మీద ఉన్నవన్నీ దిగి మట్టిలో దూరేదాకా కదలకుండా కూర్చొని, అప్పుడు ఊళ్ళోకి మనుషుల కోసం వెళ్ళింది.

వాళ్ళు వచ్చి న్యాంబేనిని మోసుకుపోయారు. చెట్టు మొదట్లో, పురుగులు గుల్ల చేసిన మట్టిలో, బక్కచిక్కిన వేలి నుంచి జారిన రబ్బరు తొడుగు ఒకటి పడి ఉంది, పసరు ఎండి, ఇంకా వేలంత గుండ్రంగా.