బట్టీకి ఎన్ని పలకలు

ఫ్రాన్సులోని లియోన్ నుంచి వచ్చిన ఉత్తరాన్ని మా ఆయన లర్బీ మూడుసార్లు చదివించుకున్నారు. మొదట నా చేత, తర్వాత మందుల షాపాయన చేత, మళ్ళీ నా చేత. మూడుసార్లూ ఒకే అర్థం వచ్చేసరికి ఆయన అనుమానం రెట్టింపయింది.

పదకొండేళ్ళుగా గోడలకు అతికించే మా ఆకుపచ్చ మట్టి పలకలు కొంటున్న దుకాణం అది. ఇకమీదట చదరపు మీటరు పలకలకు ఎన్ని కిలోల కార్బన్ గాలిలో కలుస్తోందో రాసివ్వాలట. పన్నెండు దాటితే కొనరట. లెక్కగట్టే సాధనం మా ఇష్టం, కానీ ఎలా గట్టామో చూపించాలి. గడువు ఒక నెల. మా సరుకులో సగం లియోన్‌కే పోతుంది. అది ఆగితే కార్ఖానాలో పద్నాలుగు మందిలో ఏడుగురిని ఇంటికి పంపాలి. ఏ ఏడుగురినో అప్పుడే ఆలోచిస్తున్నట్టు లర్బీ ఆ వారమంతా ఎవరి ముఖమూ చూడలేదు.

నేను ఈ మొరాకోలోనే, మా ఊరు ఫెస్‌లోనే కాలేజీలో కెమిస్ట్రీ చదివాను. ఇరవై రెండేళ్ళుగా ఆ చదువును కెటిల్ అడుగున పేరుకున్న సున్నం వదిలించడానికి వాడుతున్నాను. కాబట్టి సాధనం ఎంచే పని నా నెత్తిన పడింది.

సాధనాలు మూడు దొరికాయి. ఒకటి లియోన్ దుకాణమే ఉచితంగా ఇచ్చే వెబ్‌సైటు. రెండోది మా ఆయన మేనత్త కొడుకు జవాద్ అమ్ముతున్నది. మూడోది, నిరుడు చేతిపనుల వాళ్ళకు ఎవరో శిక్షణ ఇచ్చి పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంచిన ఎక్సెల్ పట్టిక. పెన్‌డ్రైవ్ మీద బొమ్మ బాగుందని మా చిన్నది దాన్ని తాళాల గుత్తికి తగిలించుకుంది.

జవాద్ సూటు వేసుకుని వచ్చాడు. మా ఇంటికి సూటుతో వచ్చిన చుట్టం ఇంతవరకు ఏదీ ఇచ్చి వెళ్ళలేదు. తన సాధనానికి ఖర్చుల రసీదులు చూపిస్తే చాలని, అయిదు నిమిషాల్లో అంకె వస్తుందని చెప్పాడు. నచ్చని అంకె వస్తే ఏం చేయాలని అడిగాను.

"అదేం సమస్య వదినా, మాట్లాడుకుందాం," అన్నాడు.

తూనికరాయి గురించి మాట్లాడుకుందామనే కొట్లో నేను కందిపప్పు కూడా కొనను. కొత్త తక్కెడను నమ్మాలంటే మనకు బరువు తెలిసిన వస్తువు ఒకటి అందులో వేసి చూడాలి. నాకు బరువు తెలిసిన వస్తువు నా వంటింటి గ్యాసుబండ. పన్నెండు కిలోల బ్యూటేన్. కాల్చితే ముప్పై ఆరు కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడు వస్తుంది, ఎవరు కాల్చినా, ఏ దేశంలో కాల్చినా. అందుకని మూడు సాధనాల్లోనూ నా వంటింటిని ఒక పరిశ్రమగా నమోదు చేశాను. ఉద్యోగులు: ఒకరు. సెలవులు: లేవు.

జవాద్ సాధనం తొమ్మిది కిలోలంది. అది బండ ధర చూసి పొగ లెక్కగడుతుంది. మా దగ్గర సర్కారు ఆ ధర తగ్గించి ఇస్తుందని దానికి తెలియదు. ధర రెట్టింపు వేసి చూశాను. పద్దెనిమిదంది. బండ అదే, మంట అదే.

లియోన్ వాళ్ళది ముప్పై ఆరే చూపించింది. సంతోషించేలోపు తర్వాతి పేజీ తెరుచుకుంది: పూత మందు ఎవరి దగ్గర కొంటారు, వాళ్ళ ఫోన్ నంబరు, ఏ మందు ఎంత పాళ్ళలో కలుపుతారు. నింపకపోతే ముందుకు కదలదు. వంటింటికి ఆ పేజీ ఎందుకని నేను జీలకర్ర కొట్టు నంబరు ఇచ్చి చూశాను. తీసుకుంది. పైగా, మా బట్టీలో మండేది ఆలివ్ నూనె తీశాక మిగిలే పిప్పి. దాని ఇంధనాల జాబితాలో ఆ మాటే లేదు.

పట్టిక కూడా ముప్పై ఆరే అంది, ఎందుకలా అందో పక్క గడిలో చూపించింది. ఆలివ్ పిప్పికి ఒక వరుస ఉంది. ఇంటర్నెట్ అడగలేదు. అదే ఖాయం చేశాను. మా చిన్నది తాళాల గుత్తికి వేరే బొమ్మ కొనిపించుకుంది.

లర్బీని కూర్చోబెట్టి లెక్కలు అడిగి నింపాను. బట్టీ ఒకసారి కాలిస్తే రెండు వేల పలకలన్నారు. పిప్పి ఇన్ని బస్తాలన్నారు. మట్టి, పూత, లారీ, కరెంటు అన్నీ చెప్పారు. చదరపు మీటరుకు పంతొమ్మిది కిలోలు వచ్చింది.

"చూశావా," అన్నారు లర్బీ. "ఇదీ దొంగదే. అందరూ ఒకటే."

గ్యాసుబండ దగ్గర నిజం చెప్పిన పట్టిక బట్టీ దగ్గర అబద్ధం ఎందుకు చెబుతుంది? నా అనుమానం పట్టిక మీద నుంచి లేచి మెల్లగా మా ఆయన మీద వాలింది.

గురువారం బట్టీ తెరుస్తారు. పొరల రొట్టెలు, పుదీనా టీ పట్టుకుని నేనూ వెళ్ళాను. ఎన్ని దిగాయని బట్టీ మేస్త్రీ బూష్తాని అడిగితే, దేవుడి దయవల్ల దిగాయన్నాడు. మా కుమ్మరిపేటలో ఎవరూ సరుకు ఇంతని పైకి చెప్పరు, దిష్టి తగులుతుందని. మా అత్తగారు కొడుకులెందరని అడిగినా "ఉన్నారులే" అనే చెప్పేది, అయిదుగురూ ఎదురుగా కూర్చుని ఉన్నా. అందుకని నేనూ నోరు తెరవలేదు. చేతిలో జపమాల పట్టుకుని ఒక మూలన కూర్చున్నాను. ముప్పై పలకల దొంతర ఒకటి బయటికి వస్తే పూస ఒకటి జరిపాను. మాల ఒక చుట్టు తిరిగింది, మా మాలకు పూసలు తొంభై తొమ్మిది. తర్వాత ఇంకో నలభై ఒకటి. నా భక్తి చూసి బూష్తా కళ్ళు చెమర్చాయి. పిల్లా పాపలతో చల్లగా ఉండమ్మా అని దీవించాడు.

ఇంటికి రాగానే లర్బీని అడిగాను.

"రెండు వేలన్నారు. నాలుగు వేల రెండు వందలు దిగాయి."

"లెక్కపెట్టావా? నోటితోనా?"

"పూసలతో."

ఆయన ఊపిరి వదిలారు. "అయితే పర్లేదు."

"పిప్పి బస్తాలు?"

"అది ఎక్కువ చెప్పాలి కదా. ఖర్చు ఎక్కువంటే ఎవరికీ కన్ను కుట్టదు."

"నాకు కూడానా? ఇరవై రెండేళ్ళుగా?"

"నీకని కాదు. గోడలకి."

పొగ పెంచి, పలకలు సగానికి సగం దాచి, ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే ఏం మిగులుతుందో కాగితం మీద వేసి చూపించాను. లర్బీ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నిజం అంకె ఎవరెవరి చేతుల్లో పడుతుందని అడిగారు. పన్నుల వాళ్ళా, లియోన్ వాళ్ళా, పక్క కార్ఖానా వాళ్ళా?

"పట్టిక ఈ ఇల్లు దాటదు. ఎవరైనా చూస్తామంటే ఇక్కడికొచ్చి చూడాలి. పోయేది ఆఖరి అంకె ఒక్కటే."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

ఆయన లేచి కిటికీ మూశారు. తలుపు గడియ పెట్టారు. నా చెవి దగ్గరికి వంగి, ఏడాదికి ఎన్ని బట్టీలో, నిజంగా ఎన్ని బస్తాలో చెప్పారు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన నా చెవిలో అంత మెల్లగా ఏమీ చెప్పలేదు.

ఎనిమిది వచ్చింది. పంపాను.

నాలుగో రోజున దుకాణం తరఫున క్లోతిల్డ్ అనే ఆవిడ జవాబు రాసింది. మీ పేటలో ఇంకో నాలుగు కార్ఖానాల లెక్కలు వచ్చాయి, అందరివీ పదిహేడు నుంచి ఇరవై మధ్య ఉన్నాయి. అదే మట్టి, అదే పిప్పి, మీ ఒక్కరికే ఎనిమిది ఎలా? వచ్చే గురువారం స్వయంగా వచ్చి బట్టీ తెరవడం చూస్తాను, అంతవరకు ఆర్డరు ఆపుతున్నాను.

లర్బీ ఒక్క మాటే అన్నారు: "నిజం చెప్పమన్నది నువ్వేగా."

క్లోతిల్డ్ మోకాళ్ళ దాకా బూట్లు వేసుకుని వచ్చింది. పట్టికను గడి గడీ చూసింది. తర్వాత బట్టీ ముందు నిలబడి, వేలు చాపి, గొంతెత్తి ఫ్రెంచిలో ఒక్కో దొంతరా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పేటంతా వినబడుతోంది. పక్క కార్ఖానాల వాళ్ళు గోడల మీద నుంచి చూస్తున్నారు, తమ అంకెలు గుర్తొచ్చి కాబోలు, ముఖాలు తెల్లబోయాయి. యాభై దాటేసరికి బూష్తా చెవులు మూసుకున్నాడు. వంద దాటేసరికి లర్బీ లోపలికి పరుగెత్తి, నిప్పుల మూకుడులో దిష్టి తీసే హర్మల్ గింజలూ పటికా వేసి పట్టుకొచ్చి ఆవిడ చుట్టూ తిప్పడం మొదలుపెట్టారు. మూడు చుట్లు. ఆవిడ దగ్గుతూనే లెక్క ఆపలేదు. నూట ముప్పై తొమ్మిది దొంతరలు. ఒకటి పగిలింది.

కళ్ళు తుడుచుకుని ఆర్డరు కాగితం మీద అక్కడే సంతకం పెట్టింది. ఇంటికి పంపాల్సిన ఆ ఏడుగురు ఎవరో ఇక తేల్చక్కర్లేదు. వెళ్ళబోతూ నన్ను పక్కకు పిలిచింది.

"ఈ పొగ మీ పట్టికలో ఉందా?"

ఉందన్నాను. ఆవిడ కారు సందు మలుపు తిరిగాక ఇంటికెళ్ళి, "ఇతరాలు" అన్న వరుసలో రాశాను: హర్మల్, పిడికెడు.