అన్నిటికీ ‘ఉంది’ అన్న ప్రాసెసర్

ఊళ్లోని బస్టాపులన్నిటికీ బస్సుల వేళల పట్టికలు ఆ ఇంటి ప్రెస్సులోనే తయారయ్యేవి. అచ్చు వేసేది మామయ్య. నిచ్చెనేసుకుని వెళ్లి అంటించేది ఆయన కొడుకు. కంప్యూటరు మీద వాటికి రూపం కట్టేది కోడలు.

పాత కంప్యూటరు నిన్న గుప్పున పొగ వదిలి కన్ను మూసింది. దాంతోపాటే అందులోని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రాసెసరూ పోయింది. బస్సుల వివరాలూ, పేజీ ఎలా ఉండాలో చెప్పే స్టైల్‌షీటూ చేతికిస్తే, రెంటినీ కలిపి పట్టిక చేసిపెట్టే ప్రోగ్రాము అది. కోడలు రాసుకున్న స్టైల్‌షీట్లు వేరేచోట దాచి ఉంచబట్టి బతికిపోయాయి. కానీ కొత్త కంప్యూటర్లో ఉన్నది వేరే ప్రాసెసరు. మామూలు పనులు అన్ని ప్రాసెసర్లకూ వస్తాయి. ఎక్స్‌టెన్షన్లనే పై పనులు మాత్రం దేనివి దానివే. ఆమె స్టైల్‌షీట్లు నిలబడింది ఆ పై పనుల మీదే.

"తొందరగా తేల్చి చెప్పమ్మా," అన్నాడు మామయ్య. "రేపు పొద్దుటికి పట్టికలు ఇస్తారా అని బస్సుల ఆఫీసరు ఫోన్ చేస్తాడు. మన వల్ల కాదంటే పక్కవీధి ప్రెస్సుకి ఇచ్చేస్తాడు. పోయిన పని మళ్లీ మన గుమ్మం ఎక్కదు."

ఆయన మొహంలో నవ్వన్నది కన్నకొడుకే ఎరగడు.

కోడలు చిన్న పరీక్ష రాసింది. ఆ పై పనులు చేసే ఫంక్షన్లలో తనకు కావలసిన వాటి పేర్లన్నీ వరసగా చదివి, ‘ఇది నీకు వచ్చా?’ అని ప్రాసెసరునే అడగడం. వస్తే ‘ఉంది’, రాకపోతే ‘లేదు’ అని తెర మీద పడాలి. మీట నొక్కింది.

ఉంది. ఉంది. ఉంది. తెర నిండా ఉంది!

ఆమె కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. "మామయ్యా! అన్నీ ఉన్నాయి! ఒక్కటీ తక్కువ లేదు!"

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. "పంపిస్తున్నాం," అనేసి మామయ్య పెట్టేశాడు.

మొగుడు నిచ్చెన గోడకి ఆనించి తెరలోకి తొంగి చూశాడు. "ఒక్కదానికీ లేదనలేదా? పెళ్లికి ముందు నేనూ ఇలాగే అన్నీ వచ్చన్నాను. వంటతో సహా."

"ఆ వంట తిని కూడా బతికున్నాను లెండి," అంది గానీ, ఆమెకీ అనుమానమొచ్చింది. లోకంలో ఎక్కడా లేని పేరొకటి వరస చివర చేర్చింది: మామయ్య-నవ్వు. మళ్లీ మీట నొక్కింది.

ఉంది.

"అమ్మ బాబోయ్! పుట్టి బుద్ధెరిగాక నాకే కనబడలేదు, దీనికెక్కడ దొరికిందే?" అన్నాడు మొగుడు.

ఇద్దరూ నోళ్లు నొక్కుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఆమెకి అసలు సంగతి తట్టింది. తప్పు ప్రాసెసరుది కాదు, తనది. దాని జవాబుని ముందు వేరియబుల్ అనే ఒక పెట్టెలో వేయించింది. ఆ తర్వాత పెట్టెలో ఏం రాసుందో చూడకుండా, పెట్టెలో ఏమైనా ఉందా అని మాత్రమే అడిగింది. లేదన్న చీటీ ఉన్నా పెట్టె ఖాళీ కాదు కదా! అందుకే అన్నిటికీ ఉంది.

పెట్టె తీసేసి సూటిగా అడిగేసరికి గుట్టు బయటపడింది. మామయ్య నవ్వు లేదు. దాంతోపాటు, ఇరవై నాలుగు గంటల లెక్కని మధ్యాహ్నం ఒంటిగంట, రెండు అని మార్చే ఫంక్షనూ లేదు. అది లేకపోతే పట్టికే లేదు.

"మామయ్యా, నోరు జారాను. ఒకటి లేదు," అంది తల వంచుకుని.

"మాటిచ్చేశాను కదమ్మా!"

"మీ మాట పోనివ్వను. అది లేనిచోట నేనే రాసేస్తాను."

ఫంక్షను ఉంటే వాడుకో, లేకపోతే ఇదిగో ఇలా చెయ్యమని స్టైల్‌షీట్లో రాసింది. పన్నెండు మొదలుకుని పై గంటల్లోంచి పన్నెండు తీసెయ్యమంది. మొదటి కాగితం బయటికి రాగానే మొగుడు అందుకున్నాడు.

"మధ్యాహ్నం సున్నా గంటలకి బస్సట! ఎక్కేవాళ్లు పుట్టారంటావా?"

"పన్నెండులోంచి కూడా పన్నెండు తీసేశాను! మీరు నవ్వించకండి, మళ్లీ తప్పు పడుతుంది," అని తానే విరగబడి నవ్వుతూ దిద్దింది. మళ్లీ మీట నొక్కింది.

ఈసారి కాగితాలు మామయ్య చేతిలో పడ్డాయి. పట్టిక మీద ఒక్కో వరసా వేలుపెట్టి చదివాడు. తల ఊపాడు. కింది కాగితం తీశాడు. అప్పుడు గమనించిందామె. పరీక్ష కాగితం కూడా అచ్చయిపోయింది.

"మామయ్య నవ్వు," అని పైకే చదివాడాయన. "లేదు."

మొగుడు గబుక్కున నిచ్చెన వెనక్కి దూరాడు, అదేదో తనని దాచేసేటట్టు. అది చూసి మామయ్య గొంతులోంచి కిర్రుమని ఒక చప్పుడొచ్చింది. ప్రింటర్లో కాగితం ఇరుక్కుందేమోనని కోడలు అటు పరిగెత్తింది. ప్రింటరు నిక్షేపంగా ఉంది. ఈలోపు చప్పుడు పెరిగి, ఆయన భుజాలు కుదిపి, కళ్లజోడు జారవిడిచింది.

"అమ్మాయ్," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ, "నీ పరీక్ష ఇంకా తప్పే చెప్తోంది. పట్టికలు ఇలా ఇచ్చెయ్, అచ్చేస్తాను. ఒరేయ్, ఆ నిచ్చెన దాక్కోడానికి కాదు, ఎక్కడానికి! అచ్చవగానే బయల్దేరు!"