ఆఠీను కట్ట

కళ్ళద్దాల షాపాయన లెక్కలో మనుషులు రెండే రకాలు: పేక ఆడేవాళ్ళు, పేక దాచుకునేవాళ్ళు. ఆయన రెండో రకం. కట్టకున్న సీలు తీయడమంటే మహాపాపం.

ఒక కంపెనీ పేకలోని నాలుగు రంగుల పేర్లతో, రంగుకో రకం చొప్పున కొన్ని కట్టలే అచ్చువేసింది. ఇస్పేటు, కళావరు, డైమను ఆయన బీరువాలో కొలువుదీరాయి. ఆఠీను మాత్రం ఆయన ఫోనులో ఆర్డరు పెడుతూ అడ్రసు కొడుతుండగానే అయిపోయింది. చిర్రెత్తుకొచ్చి కంపెనీకి ఫోను చేశాడు.

"ఒక్కొక్కడు పదేసి కట్టలు ఎగరేసుకుపోయి, మర్నాడే రెట్టింపు ధరకి అమ్ముతున్నాడు! ఇంటికొకటే అని రూలు పెట్టండి!"

విచిత్రం, వాళ్ళు విన్నారు. రూలు పెట్టి, విడిగా అట్టేపెట్టుకున్న కాసిని ఆఠీను కట్టలూ ఆఖరి విడతగా అమ్మకానికి పెట్టారు. ఈ విజయం ఆయన ఇంట్లో చెప్పుకోలేదు. చెప్పినా చెవినేసుకునేదెవరు? భార్యకీ, ఆ ఇంట్లోనే ఉంటున్న అత్తగారికీ, బావమరిదికీ అదంతా అట్టముక్కల పిచ్చి.

అమ్మకం వేళకి షాపులో ఓ పెద్దాయనకి కళ్ళు పరీక్ష చేస్తున్నాడు.

"ఏం కనిపిస్తోందండీ?"

"అంతా చీకటే నాయనా. రెండు కళ్ళూ మూసేశావు."

"ఒక్క క్షణం అలాగే ఉండండి!" అని ఫోను మీద టకటకా నొక్కాడు. ఆర్డరు పడింది! ఆ ఆనందంలో పెద్దాయనని కావలించుకున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర కంపెనీ నుంచి మెసేజి వచ్చింది. మీ అడ్రసు నుంచి నాలుగు ఆర్డర్లు వచ్చాయి, మిగతా ముగ్గురూ మీకు తెలుసా అని. తెలీదంటే వాళ్ళని దొంగల కింద జమకట్టి నిషేధిస్తారట, ఈయన కట్ట ఈయనకి పంపుతారట. తెలుసంటే ఒకే ఇంటివాళ్ళు రూలు తప్పినట్టు, నాలుగూ రద్దు.

"ఏ దొంగవెధవో మన అడ్రసు వాడేశాడు!" అని గావుకేక పెట్టాడు.

బావమరిదికి పొలమారింది. "నేనే బావా. నీకు చెప్పకుండా తెప్పించి ఇద్దామని..."

"నేనూ కొన్నానండీ," అంది భార్య నేల చూపులు చూస్తూ. "నిద్దట్లో కూడా ఆఠీనూ ఆఠీనూ అంటుంటే చూళ్ళేకపోయాను."

"నాకా నొక్కుళ్ళు రావు బాబూ," అంది అత్తగారు. "పక్కింటి అమ్మాయి చేత నొక్కించాను."

"కొంప ముంచారు కదా! ఇంటికొకటే ఇస్తారు!"

"ఏ దిక్కుమాలినవాడు పెట్టించాడండీ ఆ రూలు?"

ఆయన కంచంలో అన్నం కెలుకుతూ అన్నాడు: "నేనే."



"పోనీ, మేమెవరో తెలీదని కొట్టెయ్యండి," అంది భార్య. "నిషేధిస్తే నిషేధించుకోనీ. మాకెందుకా అట్టముక్కలు?"

"అవును బాబూ, నన్నెరగనని చెప్పెయ్," అని అత్తగారు వంత పాడింది.

మాట సబబుగానే ఉంది. వేలు 'తెలీదు' దాకా వెళ్ళింది. దాని పైనే ముగ్గురి పేర్లూ ఉన్నాయి. అత్తగారి పేరులో ఓ అక్షరం తప్పు పడింది. ఇన్నేళ్ళూ తన గోడు ఈ ఇంట్లో ఎవరికీ పట్టదనుకున్నాడు.

'తెలుసు' నొక్కాడు.

"అయ్యో, అదేమిటండీ!"

"మావాళ్ళని పట్టుకుని ఎవరో తెలీదని ఎలా చెప్పనే?"

నాలుగూ రద్దయ్యాయని వెంటనే కబురొచ్చింది.

"ఏడుస్తున్నారా?"

"ఏడవనా మరి! బంగారంలాంటి కట్ట పోయె!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.