ఒంటి బ్రాహ్మణుడు కాచిన పచ్చిక

ఖరకరప్రచండకిరణపాతమున గౌతమీసైకతములు పెనములవలె గ్రాగుచు చెట్లనీడలు సైతము నీడ వెదకికొనుచున్న జ్యేష్ఠమాసమున నా తీరపురమందు పచ్చగా నుండినది మునిసిపాలిటీవారి క్రీడాస్థలమధ్యమున నిరువదిరెండు గజముల పచ్చిక యొక్కటియే. అనపత్యులును తృణైకధ్యానపరాయణులును అగు ఓవర్సీరు ఆకొండి వేంకటావధానిగారు మాసాంతమున దొరలతో జరుగనున్న తొలి క్రికెట్టుపందెమునకై దానిని పసికందునకు తలంటినట్లు తడిపి తుడిచి పెంచుచుండిరి.

కాని దానిమీదుగా పోయినచో కోర్టునకు దారి నూఱడుగులు తగ్గును. ఆరోగ్యార్థము ప్రతిసాయంకాలమును రెండుమైళ్లు నడచు ప్లీడర్లు ప్రొద్దుట నా నూఱడుగులు వ్యర్థపుచ్చ నోర్వరైరి. నడవరాదని పలక నాటింపగా నందఱును నిలిచి చదివి యక్షరముల సొంపు మెచ్చి దాని ప్రక్కనుండియే నడచిపోయిరి.

"బోర్డు భేషుగ్గా ఉందండీ ఓవర్సీరు గారూ! ఈ గుమాస్తా వెధవలు గడ్డంతా తొక్కేస్తున్నారు" అని క్రికెట్టుజట్టు నాయకులగు ప్లీడరు గంటి జోగారావుగారు పలికిరి.

"తమరూ దాని మీదే ఉన్నారండి."

"నాదేముందండీ, నేను చూసి తొక్కుతాను!"

ఒకనాడు అవధానిగారు కోర్టువైపునుండి యొంటిగా నెదురువచ్చుచుండ జోగారావుగారు దిగ్గున నాగిరి. ఒంటిబ్రాహ్మణు డెదురగుట కార్యభంగకరమని పెద్దలవాక్యము. తాము సైతము బ్రాహ్మణులే యనియు ఒంటివారే యనియు వారికి స్ఫురింపలేదు. "రామ రామ! అప్పీలు ఇవాళేనే!" అని గొణిగికొని యింటికి మరలి కాళ్లు కడిగికొని మంచినీళ్లు త్రాగి బజారుదారిని పోయిరి.

నాటినుండి అవధానిగారు విభూతిధారులై పదిగంటలకు తప్పక యచట నెదురునిలువసాగిరి. పక్షము తిరుగకమునుపే త్రోవ నిర్మానుష్యమై పచ్చిక మరకతకంబళమువలె నొప్పెను. వారియింటికి శుభలేఖలు వచ్చుటయు మానెను.

"నన్ను పేరంటానికి కూడా పిలవడం లేదండీ. మిమ్మల్ని చూస్తే తలుపులేసుకుంటున్నారు" అని ధర్మపత్ని సోమిదేవమ్మ వాపోయెను.

"గడ్డి కుదురుకుందే" అని వారు బదులిడిరి.

పందెమునకు ముందునాడు జోగారావుగారు వీధిలో నిలిచి మొగము ప్రక్కకు ద్రిప్పి "ఓవర్సీరు గారూ, రేపు ఆట అయ్యేదాకా గడప దాటకండి. బ్యాటు పట్టుకుని వెళ్తుంటే తమరెదురైతే నా గతేం కాను?" అని ప్రార్థించిరి.

అవధానిగారు దాటలేదు. కిటికీకడ కూర్చుండి దూరమున మ్రోగు చప్పట్లు వినుచుండిరి. జోగారావుగారు తొలిబంతికే యౌటై, ఓవర్సీరు ఇంట గూర్చుండి తన్ను తలచికొనుటచేతనే యిట్లయ్యెనని యెల్లరకు నచ్చజెప్పిరి. దొరలు పచ్చికను మెచ్చి పోషకు డెవ్వరని యడుగగా జోగారావుగారు తామే దినదినమును చూచుకొనుచుండితిమని సెలవిచ్చిరి.

సంధ్యారుణరాగము మైదానమున నలమికొన జనులేగిన పిమ్మట అవధానిగారు భార్యను వెంటబెట్టుకొని పోయి చెప్పులు విప్పించి పచ్చికపై నడిపించిరి.

"ఇంత మెత్తగా ఉంటుందాండీ!"

"ఉంటుందే."

శ్రమించినవానిని లోకము తప్పించుకొని పోవచ్చును గాని శ్రమఫలము తప్పించుకొనదు. ఆ దంపతుల పాదములక్రింద నొదిగిన గరికపోచలు వారు దాటినంతనే యొక్కొక్కటిగా తలలెత్తినవి.